వెనకాల ఉన్న తోట

తెలుగు సినిమాలో కొబ్బరితోట కనబడిందంటే అది కోనసీమే. పాటలో హీరోయిన్ పరిగెత్తేది అక్కడ, అమెరికా నుంచొచ్చిన మనవడు బొండాం తాగేది అక్కడ, పంచాయితీ అయ్యాక పెద్దాయన కండువా దులుపుకుని నడిచిపోయేదీ అక్కడే. మా వైపు కూడా కొబ్బరితోటలున్నాయనీ, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో సముద్రం వెంబడి పొడుగునా ఉన్నాయనీ, ఆ నేలనే ఉద్దానం అంటారనీ హైదరాబాద్‌లో నాతో పనిచేసేవాళ్ళకి చెప్తే, "ఓ, ఆ కిడ్నీల ఊళ్ళా?" అంటారు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని మా పెద్దవాళ్ళు చెప్తారు. మెచ్చుకోవాలనిపించిన వాళ్ళు మా ప్రాంతాన్ని "ఉత్తరాంధ్ర కోనసీమ" అంటుంటారు. ఏది ఒరిజినలో ఏది కాపీయో ఆ మాటలోనే తేలిపోయింది.

అందుకేనేమో, 2020 మార్చిలో కరుణ కుమార్ తీసిన "పలాస 1978" వచ్చినప్పుడు నేను దాన్ని సినిమాలా చూడలేకపోయాను. కులం గురించీ హింస గురించీ అది మాట్లాడిన తీరు మీద నాకు కొన్ని ఒప్పుకోళ్ళూ కొన్ని పేచీలూ ఉన్నాయి, అవి ఇంకో వ్యాసం. మొదటిసారి చూసినప్పుడు మాత్రం నా కళ్ళు నటుల మీద నిలబడలేదు. వాళ్ళ భుజాల మీదుగా వెనక ఏ వీధుందా, ఏ గోడుందా, ఏ చెట్టుందా అని వెతుకుతూ కూచున్నాను. విడుదలైన మూడు వారాల లోపే లాక్‌డౌన్ వచ్చింది. రెండోసారి ఇంట్లోనే, ఫోన్లో, అంతంతమాత్రం నెట్‌తో చూశాను. మొహాలు బాగానే ఉన్నాయి. డైలాగు పలుకుతున్న పెదాలు కూడా తేటగా ఉన్నాయి. వెనకున్న చెట్లు మాత్రం గోరింటాకు ముద్దలా అయిపోయాయి.

నా ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాయడం. వీడియోలకీ దానికీ సంబంధం లేదు. ఈ గోరింటాకు ముద్ద సంగతి తెలుసుకోవాల్సి వచ్చింది ఇంటి పని మీద. ఆ పని ఏమిటో చెప్పేముందు ముద్ద ఎందుకవుతుందో చెప్పాలి.

కెమెరా పట్టిన బొమ్మని ఉన్నదున్నట్టు దాచుకుంటే ఎంతవుతుందో లెక్క వేసి చూడండి. 1920×1080 ఫ్రేము, పిక్సెల్‌కి మూడు బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు. ఒక్క సెకనుకే 155 మెగాబైట్లు. మన ఫోన్ అదే సెకనుని ఇంచుమించు రెండు మెగాబైట్లలో సర్దేస్తుంది. మిగతా 153 ఎక్కడికి పోయాయి? కొంత రంగులో పోయింది: వెలుగునీడల్ని ప్రతి పిక్సెల్‌కీ రాసుకుంటుంది గానీ, రంగుని నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకటే రాసుకుంటుంది. 4:2:0 అని కెమెరా డబ్బాల మీద రాసేది దీన్నే. ఎక్కువ భాగం మాత్రం పోల్చడంలో పోయింది. ప్రతి ఫ్రేమునీ కొత్తగా దాచకుండా, బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఈ గడి కిందటి ఫ్రేములో ఎక్కడుంది, ఎంత జరిగింది అని మాత్రమే రాసుకుంటుంది. 2003లో వచ్చిన హెచ్.264లో ఈ గడి 16×16 పిక్సెళ్ళు. పోలిక దొరికితే నాలుగు అంకెలతో పని అయిపోతుంది. దొరక్కపోతే గడి మొత్తం కొత్తగా రాయాలి. అంత చోటు లేకపోతే సన్నటి వివరాలు చెరిపేసి రాయాలి.

గోడకి పోలిక దొరుకుతుంది. పట్టుచీరకి దొరుకుతుంది. నిలబడి మాట్లాడే మనిషికి చక్కగా దొరుకుతుంది. సముద్రపు గాలికి ఊగే కొబ్బరి మట్టకి ఎలా దొరుకుతుంది? ఒక్కో మట్టకీ వందకి పైన ఆకులు, ఒక్కో ఆకుదీ ఒక్కో ఊపు, ఆకుల సందుల్లోంచి ఆకాశం మెరిసి మాయమవుతూ ఉంటుంది. కిందటి ఫ్రేములో ఉన్నది ఈ ఫ్రేములో లేదు. ఎన్‌కోడర్‌కి చుక్కలు చూపించే దృశ్యాలేవని వీడియో పని చేసేవాళ్ళని అడగండి, ఆకులు, అలలు, నురగ, వాన అని చెప్తారు. ఉద్దానంలో ఇంకేముంది? అన్నీ అవే.

ఎన్‌కోడర్‌కి మనిషెవరో చెట్టేదో తెలీదు పాపం. పోల్చుకోగలిగినదానికి న్యాయం చేస్తుంది, పోల్చుకోలేనిదాన్ని చెరిపేస్తుంది. ఫలితం మాత్రం ప్రతిసారీ ఒకటే: ముందున్నది మిగులుతుంది, వెనకున్నది పోతుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ వెనకున్నదాని కోసమే ఎవరైనా వీడియో తెరుస్తారని హెచ్.264 రాసినవాళ్ళు ఎందుకనుకుంటారు?

మా పెదనాన్నకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఎక్కించిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఉద్దానం వాళ్ళు ఒకప్పుడు దీనికే విశాఖపట్నం పోయేవారు. తర్వాత మా మండలాల్లో డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, 2023 డిసెంబర్‌లో పలాసలోనే కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. నీళ్ళా, మట్టా, ఎండలో చాకిరీయా అని ఎంతమంది ఎన్నేళ్ళు వెతికినా ఈ జబ్బుకి ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు రాశారు. నేను చెప్పేది ఆ నాలుగు గంటల గురించి. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఏదో ఒకటి చూస్తూ ఉంటాడు. 2024 సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు, ఫోన్ పక్కన పెట్టి, "మన తోటది వీడియో ఏదైనా ఉందేట్రా నీకాడ?" అని అడిగాడు.

తోట లేదు. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165. తిత్లీ అంటే సీతాకోకచిలుక, పాకిస్తాన్ ఇచ్చిన పేరు. మా తాత వేసిన రెండెకరాల తోటలో నూటముప్ఫై చెట్లుండేవి. తెల్లారేసరికి పదకొండు నిలబడి ఉన్నాయి. వాటిలోనూ నాలుగింటికి మొవ్వు విరిగింది, అవి ఆర్నెల్లలో ఎండిపోయాయి. పక్కనున్న జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. మళ్ళీ మొక్కలు వేశాం. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. మొక్కలు కాపుకొచ్చేలోపే పెదనాన్న డయాలసిస్‌కి వచ్చాడు.

ఇంట్లో ఫోటోలు లేక కాదు. ప్రతి ఫోటోలోనూ ముందు ఎవరో ఒకరున్నారు. నీళ్ళ పళ్ళెం పట్టుకున్న అత్త, కొత్త సైకిలు మీద నేను, దసరా బట్టల్లో తమ్ముడు. తోట అంటే వాళ్ళ చెవుల పక్కన కనబడే రెండు మానులు. తోటని తోటగా ఎవరూ ఎందుకు తీస్తారు? అది ఎక్కడికి పోతుంది?

తీసినవాడు ఒకడున్నాడు. 2004 మేలో మా పెద్దక్క పెళ్ళికొచ్చిన వీడియో అతను. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకి ఒక అలవాటుండేది. పొద్దున్నే జనం రాకముందు కెమెరా తీసుకుని బయల్దేరి పూలూ, గుడి గోపురం, లేచే సూర్యుడు, చెట్లూ చేమలూ ఓ రెండు మూడు నిమిషాలు తీసి పెట్టుకునేవాళ్ళు. తర్వాత టైటిల్స్ వెనక వెయ్యడానికి పనికొస్తాయని. మా ఇంట్లో అతను తోటలోకి వెళ్ళాడు.

ఆ పెళ్ళి మూడు వీసీడీలుగా బీరువాలో ఉంది. వీసీడీ అంటే 352×288 పిక్సెళ్ళు, సెకనుకి 1150 కిలోబిట్లు. మొదటి డిస్కు మొదట్లోనే మా తోట వస్తుంది. దాని మీద రెండు హృదయాలు గిరగిరా తిరుగుతూ వస్తాయి, ఒక దాంట్లో అక్క, ఒక దాంట్లో బావ. పేర్లు ఒక్కో అక్షరం ఎగురుకుంటూ వచ్చి వాలతాయి. చమ్కీలు రాలతాయి. హృదయాలు సరిగ్గా తోట నడిమధ్యలో ఆగుతాయి. వాటి చుట్టూ మిగిలిన చోట ఆకులుండాల్సిన దగ్గర పచ్చటి చతురస్రాలు ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటాయి. మా పెళ్ళి వీడియోల కళ మీద ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును, నేను నవ్వకుండా చదువుతాను.

"దీన్నే ఫోర్‌కేలోకి కన్వర్ట్ చేసి క్వాలిటీ పెంచెయ్" అన్నాడు బావ. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను, ఇంజనీర్ల దగ్గర కూడా. వీసీడీ ఫ్రేములో ఉన్నవి లక్షా చిల్లర పిక్సెళ్ళు. దాన్ని ఎనభై లక్షల పిక్సెళ్ళ ఫ్రేములోకి సాగదీస్తే ఫైలు పెరుగుతుంది, ఆకు ఒక్కటి కూడా పెరగదు. క్వాలిటీ పెంచే బటన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఉన్నది ఒలకకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది. ఇంకా మంచి బొమ్మ కావాలంటే ఎగువకి పోవాలి, ఈ వీసీడీ దేన్నుంచి పుట్టిందో దాని దగ్గరికి.

ఎగువ కాశీబుగ్గలో ఉంది. ఆ స్టూడియో ఇంకా నడుస్తోంది, ఇప్పుడు ఫ్లెక్సీలు కూడా వేస్తున్నాడు. మామూలుగా పెళ్ళి టేపులు మిగలవు. వీసీడీ ఇచ్చేశాక అదే టేపు మీద ఇంకో పెళ్ళి తీస్తారు, ఆ తర్వాత ఇంకోటి. మావి మిగిలాయి. ఎందుకంటే మా చిన్నాన్న ఆల్బం తాలూకు పదిహేను వందలు బాకీ పెట్టాడు. బాకీ తీరేదాకా టేపులు కదలవని అట్టపెట్టె మీద మా ఇంటిపేరు రాసి అటకెక్కించాడాయన. ఇరవయ్యేళ్ళు కదల్లేదు. నేను వెళ్ళి విషయం చెప్తే పెట్టె దింపి, దుమ్ము తుడిచి, "పదిహేనొందలు బాబూ" అన్నాడు. రెండు వేలిస్తే ఐదొందలు తిరిగిచ్చాడు. వడ్డీ అడగలేదు. చిన్నాన్న ఎగవేతకి మా ఇంట్లో ఇన్నాళ్ళూ సిగ్గుపడేవాళ్ళం, ఇప్పుడు దాన్ని ముందుచూపు అని చెప్పుకుంటున్నాడాయన.

పెట్టెలో మూడు మినీ డీవీ టేపులు. తిత్లీ రోజు స్టూడియో పైకప్పు రేకులు లేచిపోయి వాన లోపలికొచ్చిందట. రెండు టేపులకి తెల్లటి బూజు. "పొద్దున" అని రాసి ఉన్న టేపు ఒక్కటి శుభ్రంగా ఉంది.

ఇక్కడే చాలా ఇళ్ళల్లో కథ చెడుతుంది. క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తామని బోర్డు పెట్టిన ఒక షాపుకి ఫోన్ చేసి, "ఫైర్‌వైరా, ఏవీ కేబులా?" అని అడిగాను. "ఏదైనా ఒకటే సార్, క్లియర్‌గా వస్తుంది" అన్నాడు. ఒకటి కాదు. మినీ డీవీ టేపు మీద ఉన్నది డిజిటల్ బొమ్మే. 720×576 పిక్సెళ్ళు, సెకనుకి 25 మెగాబిట్లు, ప్రతి ఫ్రేమూ పక్క ఫ్రేముతో పోలిక లేకుండా సొంతంగా దాచిన బొమ్మ. ఫైర్‌వైర్ తీగ పెడితే టేపు మీది ఒకట్లూ సున్నాలూ అలాగే కంప్యూటర్‌లోకి వస్తాయి, ఫైలు కాపీ చేసినట్టు. గంటకి 13 గిగాబైట్లు. పసుపు-ఎరుపు-తెలుపు ఏవీ కేబులు పెడితే ఆ డిజిటల్ బొమ్మని కెమెరా కరెంటు అలగా మార్చి పంపిస్తుంది, అటు వైపు ఓ చిన్న డబ్బా దాన్ని మళ్ళీ డిజిటల్ చేసి, కుదించి, ఎంపీ4 చేసి ఇస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి అనువదించి, అక్కణ్ణుంచి మళ్ళీ తెలుగులోకి తెచ్చుకున్న కథలా ఉంటుంది అది.

టెక్కలిలో నాతో ఇంజనీరింగ్ చదివినవాడి నాన్న ఒకప్పుడు వీడియో పని చేసేవారు. కెమెరా వాళ్ళింట్లో ఉంది, బెల్టు ఇంకా బిగువుగానే ఉంది. ఫైర్‌వైర్ కార్డున్న పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించాను. టేపు ఒక్కసారి ముందుకీ వెనక్కీ పూర్తిగా చుట్టి, అప్పుడు ఎక్కించాం. తోట రెండు నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లు. ఐదొందల యాభై మెగాబైట్లు. హృదయాలు లేవు. చమ్కీలు లేవు.

ఆకులున్నాయి. ఇప్పటి ఫోన్లతో పోలిస్తే అది గొప్ప బొమ్మేం కాదు, రంగులు కాస్త వెలిసినట్టుంటాయి, ఆకాశం తెల్లగా కాలిపోయింది. కానీ ఆకు ఆకుగా ఊగుతోంది. స్టాండు మీద కెమెరా మెల్లగా ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. నుయ్యి, నూతి దగ్గర వంగిన చెట్టు, కంచె, వెనక తెల్లటి గీతలా సముద్రం. ఒకటిన్నర నిమిషం దగ్గర దూరంగా ఒక చెట్టు మీద ఎవరో ఉన్నారు. పెళ్ళి వంటలకి కాయలు దింపుతున్నట్టుంది. మనిషి మొత్తం కలిపి నలభై పిక్సెళ్ళుంటాడేమో. వీసీడీలో అయితే అతని మీద బావ హృదయం ఉంది.

పెదనాన్నకి ఈ రెండున్నర నిమిషాలూ ఊరికే ఇచ్చెయ్యొచ్చు. కానీ తమ్ముళ్ళందరూ కలిసి తోట కథ మొత్తం ఓ ఇరవై నిమిషాలు చేద్దామన్నారు. ఈ టేపు, తిత్లీ తెల్లారి తీసిన ముక్క, ఇప్పుడు కొత్త మొక్కల మధ్య నేను ఫోన్‌తో తీసినవి, అమ్మా పెద్దమ్మా కూచుని చెప్పిన కబుర్లు. మూడు కాలాలు, మూడు రకాల ఫైళ్ళు. వీటిని ఎడిటింగ్‌కి ఒక దారిలోకి తేవాలి.

ఎడిటింగ్ కోసం మార్చడం అంటే చాలామంది అన్నిటినీ ఎంపీ4 చెయ్యడం అనుకుంటారు. ఎంపీ4 అన్నది సీసా పేరు. ఎంఓవీ ఇంకో సీసా. లోపల ఏ నూనె ఉందన్నది వేరే సంగతి. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి ఒంపితే నూనె మారదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో "కాపీ" అని చెప్తే సరిగ్గా ఆ పనే చేస్తుంది, గంట వీడియోకి నిమిషం కూడా పట్టదు. మా డీవీ ఫైలుకి అదే చేశాను. ఫ్రేముకి ఫ్రేము విడిగా ఉన్న బొమ్మ కాబట్టి ఎడిటర్‌కి అలాగే నచ్చుతుంది.

ఫోన్ వీడియో అలా కాదు. అందులో పూర్తి బొమ్మ ఎక్కడో ఒకటి ఉంటుంది, మధ్యలోవన్నీ తేడాల చిట్టాలు. ఎడిటర్‌లో నలభయ్యో ఫ్రేము దగ్గర కత్తిరించాలంటే మొదటి పూర్తి బొమ్మ నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. అందుకే కంప్యూటర్ రొప్పుతుంది. ఇంకో పేచీ: ఫోన్లు వెలుగుని బట్టి సెకనుకి 30 ఫ్రేములు తీస్తూ తీస్తూ నీడలో 24కి దిగిపోతాయి. ఎడిటర్ అది 30 అనే నమ్ముతుంది. పెద్దమ్మ మాట్లాడిన ఎనిమిది నిమిషాల ముక్కలో చివరికొచ్చేసరికి పెదాలు ఒకటి, మాట ఒకటి. కాబట్టి వీటిని ముందే స్థిరమైన ఫ్రేము లెక్కకి తెచ్చి, ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే కోడెక్‌లోకి మార్చుకోవాలి. 2004లో ఆవిడ్ కంపెనీ తెచ్చిన డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, 2007లో యాపిల్ తెచ్చిన ప్రోరెస్ ఇందుకే పుట్టాయి. ఒక్క బిట్టు కూడా పోకూడదనుకునే ఆర్కైవుల వాళ్ళు ఎఫ్ఎఫ్‌వీ1 వాడతారు.

ఇలా మారిస్తే ఫైలు అమాంతం ఉబ్బుతుంది. 1920×1080, సెకనుకి 25 ఫ్రేముల ప్రోరెస్ 422 అంటే సెకనుకి 122 మెగాబిట్లు, గంటకి 55 గిగాబైట్లు. తమ్ముడు భయపడ్డాడు. "ఇంతైందంటే క్వాలిటీ ఎంత పెరిగుంటుందో!" అని బావ సంతోషపడ్డాడు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. చెంబెడు నీళ్ళున్నాయి. వాటితో ఇంటిల్లిపాదీ పది చేతులు మార్చుకుంటూ నడవాలి. గంగాళంలో పోసుకుంటే నీళ్ళు పెరగవు, కానీ ఎంత కుదిపినా ఒలకవు. చెంబు నుంచి చెంబుకి పోసుకుంటూ పోతే చివరికి తడి మిగులుతుంది. రంగు సరిచెయ్యడం ఒకసారి, టైటిల్ వెయ్యడం ఒకసారి, పొడుగు తగ్గించడం ఒకసారి, ప్రతిసారీ ఎంపీ4గా దాచుకుని మళ్ళీ తెరవడం అంటే చెంబు మార్చడమే. ప్రతిసారీ ఆ ఎన్‌కోడర్ మళ్ళీ తోట దగ్గరికొచ్చి, ఈ ఆకులు అవసరమా అని అడుగుతుంది, తనే సమాధానం చెప్పుకుంటుంది. ఆ ప్రశ్న టేపు మీద ఒకసారి అడిగారు, తప్పదు. చివర్లో ఇంకోసారి అడుగుతారు, అదీ తప్పదు. మధ్యలో అడగనివ్వకూడదు, అంతే.

టేపుతో ఇంకో చిక్కుంది. పాత వీడియోలో ఒక ఫ్రేము అంటే నిజానికి రెండు సగాలు, సరిసంఖ్య గీతలు ఒక క్షణంవి, బేసిసంఖ్య గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతవి. టీవీ పెట్టెల కాలానికి అది సరిపోయింది. ఇప్పటి తెర మీద అలాగే చూపిస్తే కదిలేదానికల్లా దువ్వెన పళ్ళు మొలుస్తాయి. ఏ సగం ముందో తప్పు చెప్తే ఇంకా ఘోరం, ఆకులు పూనకం వచ్చినట్టు ముందుకీ వెనక్కీ అదురుతాయి. డీవీలో కింది సగం ముందు, చాలా డీవీడీల్లో పై సగం ముందు. సులువైన దారి ఒకటుంది, ఒక సగాన్ని పారేసి సెకనుకి 25 బొమ్మలు చేసుకోవడం. చాలా కన్వర్టర్లు అడక్కుండానే ఆ పని చేస్తాయి. నేను రెండు సగాల్నీ రెండు పూర్తి ఫ్రేములుగా పెంచే దారి పట్టాను, సెకనుకి యాభై. పని నాలుగింతలు. ఎందుకంత చాదస్తం అన్నారు ఇంట్లో. గాలి ఎంత ఉందో ఆకు ఊపులో తెలుస్తుందిరా, ఆ ఊపులో సగం పారేస్తే ఇది ఏ ఊరి గాలో ఎలా తెలుస్తుంది అన్నాను. కొంచెం పెద్ద మాటే.

వెడల్పు గొడవ కూడా అయింది. టేపు బొమ్మ నాలుగుకి మూడు కొలత. ఇప్పటి తెర పదహారుకి తొమ్మిది. రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. "అవి నిండేలా సాగదియ్యి" అని మా ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం. నెట్‌లో పాత తెలుగు సినిమాలు అలా సాగదీసి పెట్టినవి మీరూ చూసే ఉంటారు. ఎస్.వి. రంగారావుకి ఆ అదనపు వెడల్పు అవసరమా? సన్నగా ఆకాశంలోకి పోవడమే కొబ్బరిచెట్టు అందం, దాన్ని పొట్టిగా లావుగా చేస్తే తాటిచెట్టవుతుంది. పట్టీలు ఉంచాను.

ఇంకో వాదన దగ్గర నేను అసలు మెత్తబడలేదు. ఇప్పుడు ఏఐ అప్‌స్కేలర్లు వచ్చాయి, పాత బొమ్మని ఇస్తే కొత్తదానిలా చేసి ఇస్తాయి. తమ్ముడు ఒకదాంట్లో పది సెకన్లు వేసి తెచ్చాడు. చూడ్డానికి అదిరిపోయింది. ఆకుకి ఈనె కూడా కనబడుతోంది. పక్కన టేపు పెట్టి చూస్తే, నూతి దగ్గర వంగిన చెట్టు మీద టేపులో ఏడు మట్టలుంటే ఇందులో తొమ్మిదున్నాయి. మాను మీద ఉన్న గాటు లేదు. అది ఎక్కడో నేర్చుకున్న కొబ్బరిచెట్టుని మా చెట్టు మీద గీసింది. కోనసీమదేనేమో! 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ ఒక సంగతి బయటపెట్టాడు. కొన్ని జిరాక్స్ యంత్రాలు కాగితాన్ని స్కాన్ చేసేటప్పుడు చోటు మిగుల్చుకోవడానికి ఒకేలా కనబడే అంకెల్ని ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తున్నాయి. 6 కాస్తా 8 అయి కూచుంది, అదీ ఏ మసకా లేకుండా. మసకగా ఉన్న అంకెని మనం అనుమానిస్తాం, తేటగా ఉన్న తప్పుడు అంకెని నమ్మేస్తాం. పాత తెలుగు పుస్తకాల స్కాన్లతో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒత్తు ఎగిరిపోయిన చోట మనమే ఊహించుకుని చదువుకుంటాం, కానీ ఊహించామని మనకి తెలుస్తూ ఉంటుంది. నాకు టేపులో ఉన్న మసకే కావాలి.

తిత్లీ ముక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. ఆ పొద్దున మా చిన్నాన్న కొడుకు తీసింది, నిమిషం నలభై సెకన్లు. తీసిన ఫోన్ ఎప్పుడో అమ్మేశాడు. ఫ్యామిలీ గ్రూపులో కుదించుకుపోయిన కాపీ ఒక్కటే మిగిలింది. (ఎవరికైనా వీడియో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి బాబూ, అసలు ఫైలు అలాగే పోతుంది.) దీన్ని బాగుచేసేది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు గంగాళంలో పోశాను. ఎడిటర్‌లో టేపు పక్కన పెట్టి చూస్తే వింతగా అనిపించింది. టేపుకున్న బిట్లలో ముప్ఫయ్యో వంతు కూడా లేని ఆ ముక్కలో చెట్లు తేటగా ఉన్నాయి. పడున్న మానులు, నిలబడిన మానులు, బూడిదరంగు ఆకాశం. వాన ఆగింది. ఊగడానికి మట్టలే లేవు కదా, ప్రతి గడికీ పోలిక దొరికింది.

మొత్తం ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. గంగాళాల్లోంచి నేరుగా ఒక్కసారే హెచ్.264 చేశాను, సీఆర్ఎఫ్ అనే నాణ్యత కొలత 18 పెట్టి. ఆ అంకె ఎంత తగ్గితే బొమ్మ అంత బాగుంటుంది, ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. మామూలు పెళ్ళి వీడియోకి 23 చాలు. ఆకులకి చాలదు, వేసి చూశాను.

ఒక మంగళవారం డయాలసిస్ దగ్గర ట్యాబ్‌లో పెట్టాను. పెద్దమ్మ కబుర్లు పెదనాన్న పట్టించుకోలేదు, రోజూ వినేవే. తోట రాగానే ట్యాబ్ దగ్గరికి లాక్కున్నాడు. చెట్టు మీద మనిషి దగ్గర, "ఆపు ఆపు. ఎనక్కి తియ్యి" అన్నాడు. మూడుసార్లు వెనక్కి తీశాను. "ఎడంకాలు ముందేస్తన్నాడు సూడు. ఇంకెవుడూ అలగెక్కడు" అని పేరు చెప్పాడు. నాకు ఆ మనిషి లీలగా గుర్తు. మా వీధి చివర ఇల్లు, 2011లో ఇదే జబ్బుతో పోయాడు, నలభై ఐదు కూడా ఉండవు. నలభై పిక్సెళ్ళ మనిషికి మొహం ఎక్కడుంటుంది? ఎక్కే తీరు ఉంది. వాళ్ళావిడ దగ్గర ఓటరు కార్డు మీది బొమ్మ తప్ప ఇంకేం లేదట. ఆ పన్నెండు సెకన్లు విడిగా కోసి పట్టుకెళ్ళి ఇచ్చాం. ఆవిడ పేరు కూడా అడక్కుండానే గుర్తుపట్టింది, కాలు చూసే.

అసలు టేపు ఫైలు ఇప్పుడు మూడు చోట్ల ఉంది: నా దగ్గర ఒకటి, అక్క దగ్గర ఒకటి, టెక్కలిలో మా స్నేహితుడి దగ్గర ఒకటి. బూజు పట్టిన రెండు టేపులూ ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద "సాయంత్రం, తోట, లైట్లు" అని రాసుంది. టేపు గుల్ల విప్పి, చేత్తో చుట్టుకుంటూ బూజు తుడిచి, ఇంకో గుల్లలోకి మార్చే మనిషి విశాఖపట్నంలో ఒకాయన దొరికాడు. ఒక్కసారే ఆడుతుంది, రెండోసారికి హామీ లేదన్నాడు. కెమెరా, ఫైర్‌వైర్ తీగ, డెస్క్‌టాప్ మూడూ కార్లో వేసుకుని వచ్చే నెల వెళ్తున్నాం.